డిస్టోపియా కథలు: ఇందూరు ఖిల్లా నుంచి ఒక పరిచయం

డిస్టోపియా అనే మాట మనకి కొత్త కాదు. ఓటీటీ యాప్‌లలో అదొక కేటగిరీ పేరు. హంగర్ గేమ్స్ చూసినోళ్లు, కల్కి 2898 ఏడీకి ఫస్ట్ డే టికెట్ కోసం కొట్లాడినోళ్లు మన క్లాసులో సగం మంది ఉంటారు. కానీ డిస్టోపియా అంటే ఏందని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు, "ఫ్యూచర్‌లో అంతా నాశనమై ఉంటది కదా, అదే." ఈ జవాబులో సగమే కరెక్ట్. మిగతా సగం కోసమే ఈ వ్యాసం. బయటి నవలల నుంచి కొన్ని ఉదాహరణలు తీసుకుంటాను. కానీ నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చిన ఉదాహరణ మన నిజామాబాద్‌లో, ఖిల్లా మీద ఉంది. అక్కడికి చివర్లో వెళ్దాం.

ముందు మాట సంగతి. 1516లో థామస్ మోర్ అనే ఇంగ్లీషాయన లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక దీవి ఉంటుంది, దాని పేరు యుటోపియా. గ్రీకు మాటల నుంచి కట్టిన పేరు. అర్థం "లేని చోటు". కానీ పలికితే "మంచి చోటు" అన్నట్టు కూడా వినిపిస్తుంది. అంటే పేరులోనే ఒక చిన్న జోక్ పెట్టాడు: అంత మంచి చోటు ఎక్కడా ఉండదని. దీనికి వ్యతిరేక పదం వాడుకలోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1868లో జాన్ స్టూవర్ట్ మిల్ బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతూ, ఐర్లండ్ విషయంలో ప్రభుత్వం చేస్తున్నదాన్ని తిట్టడానికి, మీరు యుటోపియా వాళ్లు కాదు, డిస్టోపియా వాళ్లు అన్నట్టుగా ఆ మాట వాడాడు. నవలల దాకా రాకముందే అది అసెంబ్లీలో తిట్టుగా వాడారన్నమాట. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే తర్వాత చెప్పేది ఈజీగా అర్థమవుతుంది.

కలియుగం వేరు, డిస్టోపియా వేరు

"మనకి కలియుగ వర్ణన ఉంది కదా, అది డిస్టోపియా కాదా?" అని మన క్లబ్ మీటింగ్‌లో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. భాగవతం పన్నెండో స్కంధంలో కలియుగం ఎట్లా ఉంటుందో ఉంది. వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం ఇప్పటికీ మన ఊళ్లల్లో ఏదైనా వింత జరిగితే చాలు, వెంటనే బయటికొస్తుంది. "బ్రహ్మంగారు అప్పుడే చెప్పిండు" అనని ముసలివాళ్లు ఉంటారా?

కానీ తేడా ఉంది. కలియుగంలో కట్టుబాట్లు తెగిపోతాయి, ఎవరి ధర్మం వాళ్లు వదిలేస్తారు, అంతా గందరగోళం. అది కాలం వల్ల దానంతట అదే వచ్చేది. డిస్టోపియాలో జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ ఆర్డర్ మరీ ఎక్కువైపోతుంది. అన్నీ టైముకి జరుగుతాయి. అందరికీ ఒక పని, ఒక నంబర్, ఒక గది ఉంటాయి. పైగా దాన్ని ఎవరో కూర్చుని డిజైన్ చేసి ఉంటారు. మన భాషలో చెప్పాలంటే కలియుగం సిస్టమ్ క్రాష్, డిస్టోపియా ఒక్క బగ్ కూడా లేకుండా రన్ అవుతున్న సిస్టమ్. దాని రిక్వైర్‌మెంట్స్‌లోనే మనిషి లేడు.

కల్కి సినిమా ఈ రెండిటినీ కలిపింది. కింద కాశీలో నీళ్లకి కూడా కరువు, పైన తలకిందుల పిరమిడ్ లాంటి కాంప్లెక్స్‌లో అన్నీ పుష్కలం, లోపలికి పోవాలంటే యూనిట్లు కూడబెట్టాలి. ఇది పక్కా డిస్టోపియా. కానీ దాన్ని బాగు చేయడానికి అవతారం రావాలి. ఇది మన పురాణం. 1991లో వచ్చిన ఆదిత్య 369లో కూడా టైమ్ మెషీన్ 2504కి వెళ్తుంది. అణుయుద్ధం అయిపోయి మనుషులు భూమి కింద బతుకుతుంటారు. అది డిస్టోపియా కంటే ప్రళయం తర్వాతి కథలకి దగ్గర. అన్నీ ఒకే డబ్బాలో వేయకూడదని చెప్పడానికే ఇదంతా.

ఒక ఇంజినీర్ రాసిన ఇంజినీర్ కథ

మోడర్న్ డిస్టోపియా నవలల్లో మొదటిదని ఎక్కువమంది చెప్పేది "వుయ్". రాసినాయన రష్యన్, పేరు యెవ్‌గెనీ జమ్యాతిన్. ఆయన రచయిత మాత్రమే కాదు, ఓడలు డిజైన్ చేసే ఇంజినీర్. ఇంగ్లండ్‌లో ఉండి రష్యా కోసం మంచు పగలగొట్టే ఓడల తయారీ చూసుకున్నాడు. 1920, 21 ప్రాంతంలో ఈ నవల రాస్తే సొంత దేశంలో అచ్చు కానివ్వలేదు. 1924లో ఇంగ్లీష్ అనువాదంగా ముందు బయటికొచ్చింది. సోవియట్ యూనియన్‌లో 1988 దాకా రాలేదు.

ఇందులో మనుషులకి పేర్లు ఉండవు, నంబర్లు ఉంటాయి. హీరో నంబర్ డీ-503. అతను కూడా ఇంజినీరే, అంతరిక్ష నౌక కడుతుంటాడు. ఇళ్ల గోడలన్నీ గాజువి, ఎవరు ఏం చేస్తున్నా అందరికీ కనిపిస్తుంది. రోజంతా గంటల పట్టిక ప్రకారం నడుస్తుంది. హాల్ టికెట్ నంబర్‌తో నాలుగేళ్లు బతికే మనకి ఇది చదువుతుంటే నవ్వొస్తుంది, తర్వాత నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే డీ-503కి ఆ జీవితం ఇష్టం. లెక్క ప్రకారం నడిచే లోకం ఎంత అందంగా ఉందో అని డైరీలో పేజీలు పేజీలు రాసుకుంటాడు. ఒక అమ్మాయి పరిచయమయ్యాక అతని లెక్క తప్పడం మొదలవుతుంది. చివరికి ఊహాశక్తిని తీసేసే ఆపరేషన్ చేస్తారు. మళ్లీ హాయిగా ఉంటాడు.

ఇక్కడే ఈ కథల మొదటి లక్షణం కనిపిస్తుంది. డిస్టోపియా ఎప్పుడూ ఒక మంచి మాటతో మొదలవుతుంది. ఆకలి లేకుండా చేస్తాం, యుద్ధం లేకుండా చేస్తాం, ఎవరూ కన్ఫ్యూజ్ కాకుండా చేస్తాం. ఆల్డస్ హక్స్‌లీ "బ్రేవ్ న్యూ వరల్డ్" (1932)లో జనాన్ని కొట్టే అవసరమే రాదు. బాధ అనిపిస్తే సోమ అనే గోలీ వేసుకుంటారు, అంతే. మనం చెరకు పండే జిల్లా వాళ్లం, తీపితో పని ఎంత తొందరగా అవుతుందో మనకి వేరే చెప్పాలా.

రెండో లక్షణం హీరో ఎవరనేది. వీళ్లు వీరులు కాదు, ఉద్యోగులు. ఆర్వెల్ "నైన్టీన్ ఎయిటీ ఫోర్" (1949)లో విన్‌స్టన్ స్మిత్ పని ఏంటంటే, పాత పేపర్లలో వచ్చిన వార్తల్ని ప్రభుత్వం ఇవాళ చెప్తున్నదానికి తగ్గట్టు మార్చి రాయడం. బ్రాడ్‌బరీ "ఫారెన్‌హీట్ 451" (1953)లో మాంటాగ్ ఫైర్‌మన్, కానీ ఆ లోకంలో ఫైర్‌మన్ డ్యూటీ పుస్తకాలు తగలబెట్టడం. డీ-503 సంగతి చెప్పాను. ముగ్గురూ ఆ సిస్టమ్ జీతం తీసుకుంటూ, ఆ సిస్టమ్‌ని నడిపిస్తూ, ఒకరోజు "నేను చేస్తున్నది ఏంటి?" అనుకుంటారు. అసలు భయం అక్కడ ఉంది. ప్లేస్‌మెంట్స్ కోసం రెడీ అవుతున్న వాళ్లు కనీసం ఒక్క నవలైనా ఆఫర్ లెటర్ రాకముందు చదవాలని నా అభిప్రాయం.

అన్నట్టు, ఆర్వెల్ పుట్టింది మన దేశంలోనే, బిహార్‌లోని మోతీహారిలో, 1903లో. వాళ్ల నాన్న బ్రిటిష్ ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. ఆర్వెల్ తర్వాత బర్మాలో పోలీసుగా పనిచేశాడు. డిస్టోపియా గురించి ఆయనకి వలస పాలన నేర్పింది కూడా ఉందని నేను అనుకుంటాను.

మాట మీద కాపలా

కెమెరాలు, నిఘా గురించి ఎక్కువ రాయను. అది అందరికీ తెలిసిన లక్షణం. బిగ్ బ్రదర్ అనే పేరు నవల చదవని వాళ్లకి కూడా తెలుసు, కాకపోతే టీవీ షో వల్ల. నాకు ఎక్కువ ముఖ్యమనిపించింది భాష.

నైన్టీన్ ఎయిటీ ఫోర్‌లో న్యూస్పీక్ అని ఒక భాష తయారు చేస్తుంటారు. మామూలుగా డిక్షనరీ ప్రతి ఎడిషన్‌కి లావవుతుంది, ఇది మాత్రం సన్నబడుతుంది. "బ్యాడ్" అనే మాట ఎందుకు, "అన్‌గుడ్" చాలు కదా అంటారు. ఇట్లా మాటలు తీసేస్తూ పోతే చివరికి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఆలోచించడానికి మాటలే ఉండవు. సీఎస్ఈ వాళ్లకి ఒక పోలికతో చెప్తా. టెలిస్క్రీన్ చేసేది రన్‌టైమ్ చెక్: నువ్వు తప్పు చేశాక పట్టుకుంటుంది. న్యూస్పీక్ చేసేది కంపైల్ టైమ్ చెక్: ఆ తప్పు రాయడానికి సింటాక్సే ఉండదు. రెండోది ఎంత చవకో ఆలోచించండి. పోలీసు అవసరం లేదు, జైలు అవసరం లేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1948 దాకా నిజామాబాద్ హైదరాబాద్ సంస్థానంలో భాగం. అంతకు ముందు దీని పేరు ఇందూరు, నిజాం పేరు మీద నిజామాబాద్ అయింది. సంస్థానంలో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ, కానీ ప్రభుత్వ భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో పై చదువులు ఉర్దూలో చెప్పేవారు. ఇంగ్లీష్ కాకుండా ఒక దేశీయ భాషలో సైన్స్, మెడిసిన్ చెప్పడం ఆ రోజుల్లో చాలా పెద్ద విషయం, ఎంతోమంది మెచ్చుకున్నారు. ఒకరికి అది యుటోపియా. తెలుగు ఇంట్లోంచి వచ్చిన పిల్లవాడికి మాత్రం అది ఇంకో గోడ.

సభలు పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. గ్రంథాలయం పెట్టుకోవడం, సాహిత్య సభ జరుపుకోవడం కూడా అనుమానంగా చూసే పనులే. మనం క్లబ్ మీటింగ్‌కి సెమినార్ హాల్ కోసం లెటర్ పెట్టి నాలుగు రోజులు తిరిగితేనే విసుక్కుంటాం!

కానీ నన్ను ఎక్కువ ఆపేసిన సంఘటన ప్రభుత్వం చేసింది కాదు. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. వేరే భాషల్లో మాట్లాడినవాళ్లని జనం బాగానే విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో ఉన్నవాళ్లు గోల చేసి, ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. పోలీసులు రాలేదు. ఏ ఉత్తర్వూ చదవలేదు. చదువుకున్నవాళ్లే, సంస్కరణ కోసం వచ్చినవాళ్లే నవ్వారు. ఆ అవమానం నుంచే కొందరు తెలుగువాళ్లు కలిసి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు, అదే తర్వాత ఆంధ్ర మహాసభ అయింది. ఆ మహాసభ ఒకటి 1937లో మన నిజామాబాద్‌లో కూడా జరిగింది.

కాపలావాడు బయట ఉండాల్సిన పని లేదు, పక్క కుర్చీలో నవ్వే మనిషి చాలు. ఆర్వెల్ నవలలో ఉన్నదీ ఇదే కదా. నేను చదివిన ఇంగ్లీష్ మీడియం స్కూల్లో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైన్. ఆ డబ్బులు వసూలు చేసేది టీచర్ కాదు, మాలోంచే ఎంపిక చేసిన లీడర్. ఎవరు మాట్లాడారో పేర్లు రాసుకునేది కూడా వాళ్లే. దాన్ని డిస్టోపియా అనను, అది మరీ ఎక్కువ. కానీ ఈ టెక్నిక్ ఎవరు ఎక్కడ వాడినా గుర్తుపట్టడానికి ఆ పది రూపాయలు నాకు బాగా పనికొచ్చాయి.

గోడ మీద బొగ్గు

విన్‌స్టన్ చేసే మొదటి నేరం డైరీ రాయడం. టెలిస్క్రీన్ కంటికి కనపడని మూలలో కూర్చుని, పాత సామాన్ల దుకాణంలో కొన్న నోటు పుస్తకంలో దొంగచాటుగా రాసుకుంటాడు. డిస్టోపియా కథల్లో ఇది దాదాపు ప్రతిసారీ ఉంటుంది: ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట రాస్తారు. డీ-503దీ డైరీయే. మార్గరెట్ ఆట్‌వుడ్ "ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్" (1985)లో ఆడవాళ్లు చదవడమే నేరం, అయినా ఒకామె తన కథ ఎట్లాగో మిగిల్చిపోతుంది.

ఇందూరు ఖిల్లాలో అప్పుడు జైలు ఉండేది. 1948లో నిజాంకి వ్యతిరేకంగా పోరాడిన దాశరథి కృష్ణమాచార్యని అక్కడ పెట్టారు. అప్పటికి ఆయనకి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. అంటే మన ఫైనల్ ఇయర్ అన్నల వయసు. కాగితం లేదు, కలం లేదు. బొగ్గు ముక్కతో జైలు గోడ మీద పద్యాలు రాశాడు. జైలు వాళ్లు తుడిచేశారు. మళ్లీ రాశాడు. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఉన్నాడు. ఆయన తెలంగాణలో పుస్తకాలు అచ్చు వేసి, ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. 1938లోనే దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. దాశరథి తన "అగ్నిధార"ని ఆయనకే అంకితమిచ్చాడు.

విన్‌స్టన్‌కీ దాశరథికీ తేడా చూడండి. విన్‌స్టన్ కనపడకుండా రాశాడు. దాశరథి కాపలావాడి కళ్ల ముందున్న గోడ మీద రాశాడు. ఇంకొకటి, తుడిచేసిన పద్యం ఏమైంది? మనిషి నోట్లో మిగిలింది. ఫారెన్‌హీట్ 451 చివర్లో, పుస్తకాలన్నీ కాలిపోయాక, ఊరి బయట కొందరు ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కో పుస్తకం కంఠస్థం చేసి దాన్ని మోస్తుంటారు. ఆ నవల రావడానికి అయిదేళ్ల ముందే అట్లాంటిది ఖిల్లా మీద జరిగింది. మన దగ్గర పద్యం నోటికి నేర్చుకోవడం అలవాటు కాబట్టి, దీన్ని ఎవరూ సైన్స్ ఫిక్షన్ అనుకోలేదు.

దీన్ని తెలుగు ఉర్దూ గొడవగానో, మతం గొడవగానో చూస్తే తప్పవుతుంది. అదే 1948 ఆగస్టులో షోయబుల్లా ఖాన్‌ని రజాకార్లు చంపేశారు. ఆయన ఇమ్రోజ్ అనే ఉర్దూ పేపర్ ఎడిటర్. సంస్థానం ఇండియాలో కలవాలని రాసినందుకు చంపారు. భాష ఏదైనా, సిస్టమ్‌కి నచ్చనిది రాసే చెయ్యి ఒకటే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. మంజీర మీద నిజాంసాగర్ కట్టింది ఆ ప్రభుత్వమే. 1923లో మొదలై 1931కి పూర్తయింది. ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువ నీళ్ల మీదే బోధన్ వైపు చెరకు వచ్చింది, చెరకు వచ్చింది కాబట్టే 1937లో షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మా తాత చెరకు రైతు. "నిజాం నీళ్లిచ్చిండు" అని వాళ్ల నాయన చెప్పిన మాటే ఆయన ఇప్పటికీ చెప్తడు. మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో వినిపించే మాట వేరు: "రజాకార్లొస్తున్నరంటే పిల్లల్ని సంకనేసుకొని చేన్లల్ల పండుకునేటోళ్లు." రెండూ నిజాలే. పండక్కి రెండు ఇళ్లూ కలిసినప్పుడు ఈ టాపిక్ వస్తే భోజనాలు ఆలస్యమవుతాయి.

హక్స్‌లీని చదివాక ఈ గొడవ నాకు కొంచెం అర్థమైంది. నీళ్లిచ్చింది నిజం కాబట్టి మాట లాక్కోవడం అబద్ధం కాదు, మాట లాక్కుంది కాబట్టి నీళ్లు అబద్ధం కాదు. మంచి డిస్టోపియా నవల ఈ రెండిటినీ ఒకే పేజీలో పెడుతుంది. ఊరికే అందరినీ కొట్టే రాజు కథ అయితే అది రాక్షసుడి కథ, చందమామలో చదివిందే.

మూతపడ్డ ఫ్యాక్టరీ సంగతి

షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టి "డిస్టోపియన్ వైబ్స్" అని రాస్తున్నారు మనోళ్లు. 2002లో ప్రైవేట్ భాగస్వామ్యానికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. తుప్పు పట్టిన షెడ్లు, ఖాళీ క్వార్టర్లు. చూస్తే గుండె బరువెక్కే మాట నిజమే. కానీ అది డిస్టోపియా కాదు. అది శిథిలం. డిస్టోపియాకి నడుస్తున్న మెషీన్ కావాలి.

ఫ్యాక్టరీ నడిచిన రోజుల్ని తీసుకుంటే ప్రశ్న ఇంకా ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. సొంత పొలాలు, క్వార్టర్లు, సైరన్ మోతకి లేచే ఊరు. రైతు తన చెరకు తన ఇష్టమొచ్చినప్పుడు కొట్టడానికి లేదు, పర్మిట్ రావాలి. పర్మిట్ లేటైతే చెరకు ఎండి తూకం పడిపోతుంది. పైనుంచి చూస్తే జమ్యాతిన్ గంటల పట్టికలాగే ఉంది. అయినా తేడా ఉంది: రైతు పర్మిట్ ఆఫీసు ముందు కూర్చుని గట్టిగా తిట్టగలడు. ధర తక్కువైతే ధర్నా చేయగలడు. మూతపడ్డాక కూడా ఫ్యాక్టరీ తెరవాలని కార్మికులు, రైతులు రోడ్డెక్కారు. గొంతెత్తితే మాయమైపోతారనే భయం లేనంతకాలం అది కష్టాల్లో ఉన్న వ్యవస్థ, డిస్టోపియా కాదు. ఏదైనా నచ్చకపోతే వెంటనే "ఇది 1984 రా" అనేవాళ్లు ఈ తేడా పట్టించుకోవాలి. లేకపోతే నిజంగా వచ్చినప్పుడు వాడటానికి మాట మిగలదు.

చివరి పేజీల గురించి, చదివే వరుస గురించి

ఈ నవలల్లో హీరో ఎక్కువగా ఓడిపోతాడు. చాలామంది ఇక్కడే పుస్తకం మూసేసి డిప్రెస్ అవుతారు. వెనక పేజీలు చదవండి. నైన్టీన్ ఎయిటీ ఫోర్ చివర న్యూస్పీక్ గురించి ఒక అనుబంధం ఉంటుంది. అది మామూలు ఇంగ్లీష్‌లో, భూతకాలంలో రాసి ఉంటుంది. అంటే ఎవరో, ఎప్పుడో, ఆ భాష పోయిన తర్వాత కూర్చుని రాస్తున్నారు. హ్యాండ్‌మెయిడ్స్ టేల్ చివర 2195లో జరిగే ఒక సెమినార్ ఉంటుంది. అక్కడి ప్రొఫెసర్లు ఆ పాలన గురించి పాత చరిత్రలాగా మాట్లాడుతూ జోకులు వేస్తుంటారు. ఆ జోకులు వినడానికి ఇబ్బందిగా ఉంటాయి, అది కావాలనే పెట్టింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఆర్వెల్ "యానిమల్ ఫామ్" చదవండి. చిన్నది, రెండు రాత్రుల్లో అయిపోతుంది. తర్వాత ఫారెన్‌హీట్ 451. నైన్టీన్ ఎయిటీ ఫోర్ మూడోది, సెమిస్టర్ హాలిడేస్‌కి ఉంచుకోండి. మన దేశం నేపథ్యంలో కావాలంటే ప్రయాగ్ అక్బర్ "లైలా" (2017) ఉంది, సిరీస్ కంటే నవల బాగుంది. తెలుగులో చదవాలనుకునేవాళ్లు ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి" తీసుకోండి. అది డిస్టోపియా కాదు, నిజాం కాలం నాటి మన పల్లెల మీద రాసిన వాస్తవిక నవల. కానీ పైన చెప్పినవి ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుని చదివితే ఎన్ని కలుస్తాయో, ఎక్కడ కలవవో మీకే తెలుస్తుంది. నా కాపీ ప్రస్తుతం సెకండ్ ఇయర్ ఈసీఈ వాళ్ల దగ్గర ఉంది. వాళ్ల తర్వాత ఎవరికి కావాలో క్లబ్ గ్రూప్‌లో పేరు పెట్టండి.